యుద్ధ చరిత్ర వీడియోలు చేసే తెలుగు మిత్రులకు స్లిమ్ గురించి ఒక బహిరంగ లేఖ

మిత్రులారా,

రాత్రి అన్నం తింటూ మీ వీడియోలు పెట్టుకునే వాళ్లలో నేనూ ఒకణ్ణి. రోమెల్ ఎడారి యుద్ధం, స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ, ప్యాటన్ బూతులు, మాంట్‌గోమరీ టోపీ అన్నీ చూశాను. కొన్ని రెండేసిసార్లు చూశాను. మ్యాపులు బాగా వేస్తున్నారు, గొంతూ బాగుంటుంది. కానీ ఒక ఫిర్యాదు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైనికులు అన్నిటికంటే పెద్ద సంఖ్యలో పోరాడింది బర్మా సరిహద్దులో. అక్కడ బ్రిటన్ తరఫున జపాన్‌తో పోరాడిన పద్నాలుగో సైన్యాన్ని నడిపిన జనరల్ పేరు మీ ప్లేలిస్టుల్లో నాకు ఎక్కడా తగల్లేదు. ఆయన పేరు విలియం స్లిమ్. లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం 2011లో బ్రిటన్ చరిత్రలోకెల్లా గొప్ప జనరల్ ఎవరని ఓటింగ్ పెడితే, నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్‌తో సమానంగా ఈయన నిలిచాడు. 2013లో అదే మ్యూజియం గొప్ప యుద్ధం ఏదని అడిగితే ఇంఫాల్, కోహిమా గెలిచాయి. ఆ ఊళ్లు మన దేశంలోవే కదా!

అందుకే ఈ ఉత్తరం. స్లిమ్ మీద వీడియో చేయండి. చేసేటప్పుడు ఈ కింది విషయాలు మాత్రం వదలొద్దని మనవి.

ముందుగా, ఈయన పెద్దింటి బిడ్డ కాదు. బ్రిటిష్ జనరల్ అనగానే మీరు కోట, గుర్రాలు, వేటకుక్కల స్టాక్ ఫుటేజీ వేస్తారు. 1891లో బ్రిస్టల్‌లో పుట్టాడు. తండ్రిది ఇనప సామాన్ల వ్యాపారం. తర్వాత బర్మింగ్‌హామ్ చేరారు, వ్యాపారం దెబ్బతింది. ఇద్దరు కొడుకుల్నీ యూనివర్సిటీకి పంపే స్తోమతు ఇంట్లో లేదు. దాంతో స్లిమ్ కొన్నాళ్లు పేదపిల్లల బడిలో పాఠాలు చెప్పి, తర్వాత ఇనుప గొట్టాల కంపెనీలో గుమస్తాగా చేరాడు. సైన్యం మీద ఇష్టంతో, తాను చదవని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలోనే 1912లో ఆఫీసర్ల శిక్షణ దళంలో ఎలాగో చోటు సంపాదించాడు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటులో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. టర్కీలోని గాలిపోలీలో తూటా తగిలింది, మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) మళ్లీ గాయపడ్డాడు, మిలిటరీ క్రాస్ వచ్చింది. ఈ భాగానికి మీకు రెండు నిమిషాలు చాలు.

తర్వాతి ఇరవై ఏళ్లూ వీడియోకి పనికొచ్చే సరుకు కాదని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం అక్కడే మనిషి కనబడతాడు. 1919లో భారత సైన్యానికి మారాడు, 1920 నుంచి గూర్ఖాల రెజిమెంటు. ప్రమోషన్లు నత్తనడక. జీతం చాలక ఆంథోనీ మిల్స్ అన్న కలంపేరుతో పత్రికలకు కథలు రాసి పైడబ్బులు సంపాదించుకున్నాడు. క్వెట్టా స్టాఫ్ కాలేజీలో చదివాడు, ఇంగ్లండ్‌లోని క్యాంబర్లీలో పాఠాలు చెప్పాడు. ఇంత చేసినా 1938లో, 47 ఏళ్లు దగ్గర పడుతుండగా, లెఫ్టినెంట్ కల్నల్ దగ్గరే ఉన్నాడు. ఇంకొన్నేళ్లకు పెన్షన్ పుచ్చుకుని ఇంటికి వెళ్లే వయసు. యుద్ధం రాకపోతే మనం ఈయన పేరు వినేవాళ్లం కాదు.

యుద్ధం వచ్చింది. మొదటి పరీక్షలో తప్పాడు. 1940 నవంబరులో సూడాన్, ఇథియోపియా సరిహద్దులో గల్లాబట్ అనే కోట. పదో భారత బ్రిగేడ్‌కు బ్రిగేడియర్ హోదాలో దాడి చేశాడు. కోట చేతికొచ్చింది. కానీ రాళ్లకూ మందుపాతరలకూ ట్యాంకులు చెడిపోయాయి, ఇటలీ విమానాలు నెత్తిన బాంబులు కురిపించాయి, ఒక ఇంగ్లిష్ పటాలం బెదిరి వెనక్కి ఉరికింది. చివరికి వెనక్కి రావాల్సి వచ్చింది. తర్వాత తన పుస్తకంలో ఈ సంగతి దాచలేదు. ముందుకు వెళ్లడమా, వెనక్కి రావడమా అన్నప్పుడు భయపడి పిరికి దారి పట్టానని తనే ఒప్పుకున్నాడు. తమ యుద్ధ జ్ఞాపకాల్లో ఇలాంటి పేజీ రాసిన జనరల్స్ ఎంతమంది ఉంటారు? మాంట్‌గోమరీ పుస్తకంలో వెతికి చూడండి, కాసేపు కాలక్షేపం అవుతుంది.

ఆ తర్వాత ఎరిత్రియాలో శత్రు విమానం తూటాలు పిర్రల్లో దిగాయి. ఈ సంగతి చెప్పేటప్పుడు దయచేసి ఆ నవ్వుల సౌండ్ ఎఫెక్ట్ వేయకండి. ఆయనే దాని మీద చాలా జోకులు వేసుకున్నాడు, అవి చాలు. కోలుకుని ఇరాక్, సిరియా, ఇరాన్‌లలో పదో భారత డివిజన్‌ను నడిపాడు. 1942 మార్చిలో పిలుపు వచ్చింది. బర్మాకు రమ్మన్నారు.

ఇక్కడికొచ్చాక మీరు నిదానించాలి. మార్చి 8న బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. స్లిమ్ వచ్చేసరికే ఆట చేయిజారింది. ఉన్నది రెండు డివిజన్లు, 17వ భారత డివిజన్, ఒకటో బర్మా డివిజన్. రేవు పోయింది కాబట్టి కొత్త సేన రాదు, సరుకు రాదు. విమానాలు లేవు. ఏప్రిల్‌లో యెనాంగ్‌యాంగ్ చమురు బావుల్ని శత్రువుకు దక్కకుండా తామే తగలబెట్టుకున్నారు. నీళ్లు దొరకని ఎండలో, మంటల మధ్య, ముట్టడి ఛేదించుకుని బయటపడ్డారు. ఇంఫాల్ దాకా దాదాపు తొమ్మిది వందల మైళ్లు. బ్రిటిష్ సైన్య చరిత్రలో ఇంత దూరం వెనక్కి నడిచిన సందర్భం మరొకటి లేదు. మే నెలలో చింద్విన్ నది దాటేటప్పుడు ట్యాంకులు, లారీలు దాదాపు అన్నీ అవతలి ఒడ్డునే వదిలేశారు. అంతలోనే వానలు పట్టుకున్నాయి.

అదే దారిలో, అదే వానల్లో, అదే వారాల్లో ఇంకెవరు నడుస్తున్నారో తెలుసా? మనవాళ్లు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్లిన జనం. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షల దాకా, వాళ్లలో తెలుగువాళ్లు లక్షకు పైగా ఉన్నారు. రేవులో మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కారని అక్కడి జనం వాళ్లను కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మెతో మొదలైన గొడవలో ఎందరో చనిపోయారు కూడా. 1942లో బాంబులు పడగానే ఓడ టికెట్లు డబ్బున్నవాళ్లకూ తెల్లవాళ్లకూ దొరికాయి. మిగతావాళ్లకు కాళ్లే దిక్కు. బర్మా నుంచి కాలినడకన బయల్దేరినవాళ్లు దాదాపు ఐదు లక్షలని అంచనా. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఇంకో దారి పెట్టారని అప్పట్లో దేశమంతా అట్టుడికింది.

మా ఉత్తరాంధ్రలో ఇప్పటికీ విశాఖ బర్మా క్యాంపు అంటే రిక్షా అబ్బాయికి కూడా తెలుసు. అది 1960ల్లో మళ్లీ తిరిగొచ్చిన వాళ్ల కోసం వెలిసింది, ఆ కథ వేరు. కానీ ఆ ఇళ్లల్లో నడక కథలు ఉన్నాయి. మీరు మ్యాపు మీద ఎర్ర బాణం గీసి “సైన్యం వెనక్కి తగ్గింది” అని ఒక్క ముక్కలో దాటేస్తే, ఆ బాణం కింద నడిచినవాళ్లంతా మాయమైపోతారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధం మనకు ఎంత దగ్గరికొచ్చిందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంఫాల్ చేరిన సైన్యాన్ని స్లిమ్ దారిపక్కన నిలబడి చూశాడు. చింకి గుడ్డలు, గడ్డాలు, ఎముకలు తేలిన ఒళ్లు, చూడటానికి చేల్లో దిష్టిబొమ్మల్లా ఉన్నారు. అయినా తుపాకులు వదల్లేదు, తమ తమ పటాలాల వరసలోనే వచ్చారు. ఇంఫాల్‌లో వాళ్లకు తలదాచుకోను కనీసం టెంట్లు కూడా సిద్ధంగా లేవు. అక్కడి కమాండర్ ఇర్విన్ వీళ్లను ఓడిపోయి వచ్చిన గుంపులా చూశాడు. ఎందుకింత మొరటుగా మాట్లాడుతున్నారని స్లిమ్ అడిగితే, “నేను మొరటుగా మాట్లాడలేను, నేను నీకంటే సీనియర్‌ని” అన్నాడని చెబుతారు. మన ఆఫీసుల్లో ఈ డైలాగ్ ఎన్నిసార్లు విన్నామో కదా.

మీకు ట్విస్టులు కావాలంటే ఇదిగో ఒకటి. 1943లో బర్మా పడమటి తీరం అరకాన్‌లో దాడి బెడిసికొట్టాక అదే ఇర్విన్ స్లిమ్‌ను తప్పించాలని చూశాడు. చివరికి ఉద్యోగం పోయింది ఇర్విన్‌కే. 1945 మేలో రంగూన్ తిరిగి దక్కిన వెంటనే పైఅధికారి ఒలివర్ లీస్ స్లిమ్‌ను పద్నాలుగో సైన్యం నుంచి మార్చబోయాడు. సైన్యమంతా గగ్గోలెత్తింది, కొన్ని వారాల్లో లీస్ ఇంటికెళ్లాడు. 1948లో ప్రధాని అట్లీ స్లిమ్‌ను సైన్యాధిపతిని చేస్తానంటే దిగిపోతున్న మాంట్‌గోమరీ ఒప్పుకోలేదు. పదవి నీదేనని వేరొకరికి ఇప్పటికే చెప్పేశానన్నాడు. అట్లీ తాపీగా, అయితే ఇప్పుడు కాదని చెప్పండి అన్నాడట. ఈ మూడూ కలిపి మీరు ఒక షార్ట్ చేసుకోవచ్చు, వ్యూస్ గ్యారంటీ.

కానీ అసలు వీడియో మాత్రం మాత్రల మీద చేయండి.

1943 అక్టోబరులో పద్నాలుగో సైన్యం స్లిమ్ చేతికొచ్చింది. అప్పటి లెక్క చూడండి. గాయపడి ఆస్పత్రికెళ్లేవాడు ఒక్కడైతే, జబ్బుపడి వెళ్లేవాళ్లు నూట ఇరవై మంది. ఏడాదిలో మలేరియా సోకేవాళ్లు సైన్యంలో నూటికి 84 మంది. జపాన్ తూటా అక్కర్లేదు, దోమ చాలు. జబ్బుపడ్డవాణ్ణి ఇండియాలోని ఆస్పత్రులకు పంపితే నెలల తరబడి తిరిగి రాడు. అందుకని స్లిమ్ వైద్యాన్ని ముందు వరసకే తీసుకెళ్లాడు. యుద్ధం జరిగేచోటికి కొన్ని మైళ్ల దూరంలోనే మలేరియా శిబిరాలు పెట్టించాడు, వారాల్లోనే మనిషి తిరిగి పటాలంలో ఉండేవాడు. పొద్దు గూకితే చొక్కా చేతులు దించాలి, పొడుగు ప్యాంటు వేయాలి. రోజూ మెపాక్రిన్ అనే మలేరియా మాత్ర మింగాలి.

ఆ మాత్ర మింగితే ఒళ్లు పసుపుపచ్చ అవుతుంది. దానికి తోడు మగతనం పోతుందని ఒక పుకారు లేచింది. కుర్రాళ్లు మాత్ర నోట్లో వేసుకుని, చాటుకెళ్లి ఉమ్మేసేవాళ్లు. దీనికి స్లిమ్ ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఉన్నట్టుండి ఏదో ఒక పటాలానికి పరీక్ష బృందాన్ని పంపి ఒక్కొక్కణ్ణీ పరీక్ష చేయించేవాడు. నూటికి 95 మంది ఒంట్లో మందు కనబడకపోతే, శిక్ష ఉమ్మేసిన సిపాయికి కాదు, పటాలం కమాండరుకు. పదవి ఊడేది. ముగ్గుర్ని పీకాక మిగతావాళ్లకు విషయం అర్థమైందని ఆయనే రాసుకున్నాడు. ఇంఫాల్ గెలుపులో ఈ మాత్ర వాటా ఎంతో, దాని మీద ఓ పావుగంట చెప్పినా తక్కువే.

సరుకుల సంగతీ అంతే. ముందు వరస పటాలాలకు సగం రేషన్ అంటే, తన హెడ్‌క్వార్టర్స్‌లోనూ అందరికీ సగం రేషనే. సరఫరా విభాగం వాళ్లు పని ఎందుకు చురుగ్గా చేసేవారో వేరే చెప్పాలా? గాల్లోంచి సరుకు దించడానికి పట్టు పారాచూట్లు చాలకపోతే, కలకత్తా జనపనార మిల్లుల్లో గోనెగుడ్డతో పారాచూట్లు కుట్టించారు. మనుషుల్ని దించడానికి అవి పనికిరావు, బియ్యానికీ బాంబులకూ బ్రహ్మాండంగా సరిపోయాయి. అరకాన్ రోడ్డుకు రాయి దొరకదు. రోడ్డు పొడవునా ఇరవై మైళ్లకొక ఇటుక బట్టీ పెట్టి, ఇటుకలతోనే రోడ్డు పరిచారు. చింద్విన్ ఒడ్డున టేకు చెట్లు నరికి వందల పడవలు కట్టారు, కలేవా దగ్గర 1,154 అడుగుల బెయిలీ వంతెన (ముక్కలు తెచ్చి బిగించే ఇనప వంతెన) వేశారు. అప్పటికి ప్రపంచంలో అంత పొడవైన బెయిలీ వంతెన లేదు. ఇలాంటి పనుల్లో మద్రాస్ సాపర్స్ అనే ఇంజినీరింగ్ దళం ఉంది, మన తెలుగు, తమిళ కుర్రాళ్లు ఉన్న దళం. బర్మాలో మద్రాస్ రెజిమెంటు కూడా పోరాడింది. పేర్లు కావాలంటే రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం ఉంది. సమాధి కూడా దొరకని దాదాపు 27 వేలమంది పేర్లు ఆ రాతి స్తంభాల మీద ఉన్నాయి.

ఇంఫాల్, కోహిమా యుద్ధం మీకు వివరించనక్కర్లేదు. 1944 మార్చి నుంచి జూలై దాకా నడిచింది. జపాన్ జనరల్ ముతగుచి సైన్యం మూడు వారాల సరుకుతో కొండలెక్కి వచ్చింది, వాళ్లలో ముప్పైవేల మంది దాకా చనిపోయారు, ఎక్కువగా ఆకలితో, రోగంతో. కోహిమాలో డెప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ నిలబడి గ్రెనేడ్లు విసురుకున్న కథ ఎలాగూ చెబుతారు. నేను అడిగేది, స్లిమ్ తప్పులు కూడా చెప్పండి. కోహిమా మీదికి మహా అయితే ఒక రెజిమెంటు వస్తుందనుకున్నాడు, ఒక డివిజన్ మొత్తం వచ్చి పడింది. ముందున్న దళాల్ని ఇంఫాల్ మైదానానికి ఎప్పుడు వెనక్కి పిలవాలో తేల్చడంలో ఆలస్యమైంది. జపాన్ జనరల్ సాతో కోహిమాను పట్టుకుని వేలాడకుండా పక్కనుంచి దిమాపూర్ రైలు స్టేషను మీదికి వెళ్లి ఉంటే ఏమయ్యేదోనని స్లిమ్ తర్వాత తనే రాశాడు.

ఇక గెలుపు. 1945 ఫిబ్రవరి, మార్చిలో మధ్య బర్మాలోని మెయిక్తిలా. మాండలే దగ్గర ఇరావతి దాటుతున్నట్టు ఒక కోర్‌తో (కొన్ని డివిజన్లు కలిసిన దళం) హడావిడి చేయించి, ఇంకో కోర్‌ను అడవి లోయల గుండా చడీచప్పుడు లేకుండా దక్షిణానికి నడిపించి, పగాన్ దగ్గర నది దాటించాడు. ఆ కోర్ ఇంకా పాత చోటే ఉన్నట్టు ఉత్తుత్తి వైర్‌లెస్ సందేశాలు నడిపారు. మెయిక్తిలా పడిపోయేదాకా జపాన్ కమాండర్ కిమురాకు అసలు దెబ్బ ఎటు నుంచి వస్తోందో తెలీలేదు. మీ యానిమేషన్ మ్యాపులన్నీ ఇక్కడ ఖర్చు పెట్టండి.

ఒక ఇబ్బందికరమైన విషయం. ఇంఫాల్ మైదానం అంచున, మొయిరాంగ్‌లో, 1944 ఏప్రిల్ 14న ఆజాద్ హింద్ ఫౌజ్ జెండా ఎగిరింది. అక్కడ నేతాజీ సైన్యంలో భారతీయులు, ఇక్కడ స్లిమ్ సైన్యంలో భారతీయులు. కామెంట్లలో యుద్ధం మొదలవుతుందని భయపడి మీరు దీన్ని దాటేస్తారేమోనని నా అనుమానం. దాటేయకండి. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం లేచినప్పుడు బారక్‌పూర్‌లో ఉన్న స్లిమ్ కోర్‌కే బెంగాల్, బిహార్, ఒరిస్సాల్లో అంతర్గత భద్రత బాధ్యత ఉండేది. మరుసటి ఏడు ఆ సైన్యం వెనకాలే బెంగాల్ కరవులో లక్షలాది జనం చనిపోయారు. సిపాయిలు ఆయన్ని “అంకుల్ బిల్” అన్నారు, ఉర్దూలో, నేపాలీలో మాట్లాడేవాడు. ఇవన్నీ నిజమే. ఆయన పరాయి ప్రభుత్వపు సైనికాధికారి అన్నదీ నిజమే. రెండూ ఒకే వీడియోలో పట్టవా?

యుద్ధం తర్వాతి భాగం క్లుప్తంగా చెప్పండి. రిటైరై రైల్వే బోర్డులో పదవి చేపట్టిన కొద్దికాలానికే అట్లీ వెనక్కి పిలిచాడు. భారత సైన్యం నుంచి వచ్చి బ్రిటిష్ సైన్యాధిపతి (చీఫ్ ఆఫ్ ది ఇంపీరియల్ జనరల్ స్టాఫ్) అయిన తొలి అధికారి ఈయనే. 1949లో ఫీల్డ్ మార్షల్, 1953 నుంచి 1960 దాకా ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్. 1970 డిసెంబరు 14న చనిపోయాడు. లండన్ వైట్‌హాల్‌లో విగ్రహం 1990లో గానీ పెట్టలేదు.

ఆస్ట్రేలియా దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. ఆయన గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు బ్రిటన్ నుంచి పంపించిన పేద పిల్లల వసతి బడికి, మొలాంగ్‌లోని ఫెయిర్‌బ్రిడ్జికి, అతిథిగా వెళ్లేవాడు. అక్కడ చిన్నప్పుడు ఉన్న కొందరు పెద్దయ్యాక, ఆయన తమతో అనుచితంగా ప్రవర్తించాడని చెప్పారు. ఇవి ఆయన పోయిన చాలా ఏళ్లకు బయటికొచ్చిన ఆరోపణలు, కోర్టులో తేలినవి కావు. అయినా కాన్‌బెర్రాలో ఆయన పేరున్న రోడ్డుకు ఆ పేరు తీసేయాలని 2019లో నిర్ణయించారు. అభిమానంతో దీన్ని దాచకండి, వ్యూస్ కోసం థంబ్‌నెయిల్ మీదికీ ఎక్కించకండి. ఆ పిల్లల మాట చెప్పి, తేలనిది తేలలేదని చెప్పండి, అంతే.

ఆఖరుగా, పని సంగతి. వీడియోలో ఎర్ర బాణాలతోపాటు ఒక్క తెలుగు గొంతు వినిపించండి. విశాఖలోనే కాదు, ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లలో బర్మా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. నడిచొచ్చినవాళ్లలో ఇప్పుడు ఎవరైనా మిగిలితే తొంభై దాటి ఉంటారు, లేకపోతే వాళ్ల పిల్లలున్నారు. కెమెరా పట్టుకెళ్లి అడగండి. ముందు ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకోండి, పెద్దవాళ్లను గంటకు మించి కూర్చోబెట్టకండి. మాటల మధ్యలో మ్యూజిక్ వేయకండి. స్క్రిప్టు రాశాక ఎవరైనా చదివి తప్పులు పట్టాలంటే నేను ఖాళీగానే ఉన్నాను, కామెంట్ల కింద పిలిస్తే పలుకుతాను. ఊళ్ల పేర్ల ఉచ్చారణ దగ్గర మాత్రం మొహమాటపడను, ముందే చెబుతున్నా.

ఇట్లు,
శ్రీకాకుళం నుంచి మీ సబ్‌స్క్రైబర్ ఒకడు